కరెంటు పారని వస్తువులో కొలవడానికేముంది?

మోటారు రీవైండింగ్ షాపు దగ్గర కాసేపు నిలబడితే ఒక తతంగం తప్పకుండా కనిపిస్తుంది. పొలం మోటారుకు కొత్త వైండింగ్ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టాక, కరెంటు ఇచ్చే ముందు మెకానిక్ మెగ్గర్, అంటే ఇన్సులేషన్ నిరోధం ఎంతుందో చూపే మీటరు, బయటికి తీస్తాడు. ఒక క్లిప్పు వైండింగ్‌కి, ఇంకోటి మోటారు బాడీకి తగిలించి హ్యాండిల్ తిప్పుతాడు. ముల్లు వెంటనే ఒకచోట ఆగదు, నిదానంగా పైకి జరుగుతూనే ఉంటుంది. పని తెలిసినవాడు నిమిషం పాటు ఆపకుండా తిప్పి అప్పుడు రీడింగ్ చూస్తాడు. నిమిషం ఎందుకు ఆగాలి అని అడిగితే మాత్రం 'అదంతే' అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

'అదంతే' వెనక చాలా పెద్ద కథ ఉంది. తీగలో ఎంత కరెంటు పారుతోందో కొలవడం ఎవరికైనా అర్థమవుతుంది. అసలు పారనివ్వని గాజులో, లక్కలో, మైనంలో కొలవడానికి ఏముంటుంది? బడి పుస్తకాల్లో వీటికి దక్కేది ఒక్క వాక్యం: ఇన్సులేటర్ల గుండా విద్యుత్తు ప్రవహించదు. ఆ తర్వాత పాఠమంతా తీగల గురించే. చరిత్ర మాత్రం దీనికి తలకిందులుగా నడిచింది. 1800లో వోల్టా బ్యాటరీ వచ్చేదాకా నిలకడగా పారే కరెంటు అంటూ ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా రుద్దితే పుట్టే విద్యుదావేశం, దాన్ని కాసేపు పట్టి నిలపాలంటే గాజో లక్కో పట్టుదారమో కావాలి. అంటే విద్యుత్తు గురించి మొదటి వందేళ్లలో మనుషులకు తెలిసిందంతా ఇన్సులేటర్ల పుణ్యమే.

ఈ తేడా మొదట బయటపడింది కూడా అనుకోకుండానే. 1729లో స్టీఫెన్ గ్రే అనే ఆయన, వృత్తికి అద్దకం పనివాడు, ఇంగ్లండులోని కెంట్‌లో స్నేహితుడు గ్రాన్‌విల్ వీలర్ ఇంట్లో పొడవాటి జనపతాడు కట్టి, ఒక చివర రుద్దిన గాజు గొట్టం పెడితే రెండో చివర వేలాడే దంతపు బంతి దాకా విద్యుత్తు వెళ్తుందా అని చూస్తున్నాడు. తాడును మధ్యమధ్యలో పట్టుదారాలతో వేలాడదీశారు, దారం సన్నగా ఉంటుంది కాబట్టి విద్యుత్తు పక్కకు కారిపోదని వాళ్ల అంచనా. బాగానే పనిచేసింది. ఒకసారి బరువుకు పట్టుదారం తెగిపోతే, దాని బదులు అంతే సన్నగా ఉండే ఇత్తడి తీగ కట్టారు. అంతే, బంతి దగ్గరకు ఏమీ చేరలేదు. గాజు గొట్టాన్ని ఎంత రుద్దినా లాభం లేకపోయింది. అప్పుడు తట్టింది, సంగతి సన్నదనంలో లేదు, పదార్థంలో ఉంది అని. ఒక్క దారం తెగడంతో ప్రపంచంలోని పదార్థాలన్నీ రెండు జట్లయ్యాయి.

కానీ 'పారుతుంది, పారదు' అనేది లెక్క కాదు, వర్గీకరణ. అంకె కావాలంటే ఏం కొలవాలో ముందు తేలాలి. ఈరోజు చూస్తే ఇన్సులేటర్ మీద మూడు ప్రశ్నలు వేయొచ్చు. పక్కనున్న లోహాల మీద ఎంత ఆవేశం నిలవనిస్తుంది? ఎంత నెమ్మదిగా కారనిస్తుంది? ఎంత విద్యుత్ ఒత్తిడికి తట్టుకోలేక చిల్లు పడుతుంది? ఈ మూడూ వేరువేరని తెలియడానికే వందేళ్లు దాటింది. వీటిలో మొదటిదే అన్నిటికన్నా విచిత్రమైనది.

కొలిచేవాళ్లకు పెద్ద తలనొప్పి ఇంకొకటి. కొలిచే పరికరం నిలబడేది కూడా ఇన్సులేటర్ మీదే. అది కారితే మొత్తం లెక్క తప్పుతుంది. ఫ్రాన్స్‌లో కూలుంబ్ 1785లో టార్షన్ బ్యాలెన్స్‌తో, అంటే సన్నటి తీగకు పడే మెలికను బట్టి బలాన్ని చూసే త్రాసుతో, ఆవేశాల మధ్య బలాన్ని కొలిచాడని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన ఇంకో వ్యాసం మొత్తం ఆవేశం ఎలా కారిపోతుందనే దాని మీదే రాశాడని తెలిసినవాళ్లు తక్కువ. గాలిలో తేమ ఉన్న రోజున త్వరగా పోతుంది, పొడిగా ఉన్న రోజున నిలుస్తుంది. ఉన్న ఆవేశంలో ప్రతి నిమిషం దాదాపు ఒకే వంతు తగ్గుతూ పోతుంది. ఆధారాలకు ఆయన వాడిన వాటిలో మేలైనది లక్క. ఇది ఇండియా నుంచి ఓడల్లో వెళ్లే సరుకు, చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టేది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కకు, యూరప్‌లో విద్యుత్ పరికరాలను నిలబెట్టిన లక్కకు పుట్టుక ఒకటే.

కూలుంబ్ కన్నా పదేళ్లకు పైగా ముందే లండన్‌లో ఒకాయన ఇంతకన్నా లోతుగా వెళ్లాడు, కానీ ఎవరికీ చెప్పలేదు. హెన్రీ కావెండిష్ పెద్దింటి బిడ్డ, డబ్బుకు లోటు లేదు, మాట మాత్రం కరువు. 1771 నుంచి రెండు మూడేళ్ల పాటు గ్రేట్ మార్ల్‌బరో వీధిలోని ఇంట్లో గాజు పలకలకు రెండు వైపులా తగరపు రేకు అంటించి, ఒక్కో పలక ఎంత ఆవేశం పడుతుందో కొలుస్తూ కూర్చున్నాడు. ఆయన దగ్గర వోల్ట్ మీటర్ లేదు, అమ్మీటర్ లేదు, అసలు ఆ ప్రమాణాలే లేవు. ఉన్నది దారాలకు వేలాడే రెండు బెండు బంతులు. వాటిలో ఆవేశం ఉంటే ఒకదాన్నొకటి తోసుకుని దూరం జరుగుతాయి, లేకపోతే ఆనుకుని ఉంటాయి. ఎంత దూరం జరిగాయో చూసి అంకె చెప్పడం నమ్మకం లేని పని.

కాబట్టి కావెండిష్ ఎంత దూరం అన్నది కొలవడమే మానేశాడు. చెల్లుకు చెల్లు పద్ధతి పట్టాడు. కొలవాల్సిన పలకకు ధనావేశం, ఇంకో పోలిక పలకకు అదే విద్యుత్ ఒత్తిడితో రుణావేశం ఇచ్చి రెండింటినీ కలుపుతాడు. రెండూ సమానంగా పట్టేవైతే పూర్తిగా చెల్లిపోయి బంతులు కదలకుండా ఉంటాయి. కాస్త తేడా ఉన్నా మిగిలిన ఆవేశం బంతులను విడదీస్తుంది. పోలిక పలక మీది రేకు వైశాల్యాన్ని జరిపి పెంచుకునే, తగ్గించుకునే వీలుంది కాబట్టి బంతులు నిమ్మళించేదాకా దాన్ని సర్దుతాడు. తర్వాత పలక తీసేసి దాని స్థానంలో మరోటి పెట్టి మళ్లీ అదే పని. కూరగాయల తక్కెడలో రాయి మార్చి మార్చి ముల్లు మధ్యకు తెచ్చినట్టే. బంతులు చేయాల్సిన పని ఒక్కటే, ఆవేశం ఉందా లేదా చెప్పడం. అది మాత్రం అవి చక్కగా చేస్తాయి.

దేనితో పోల్చాలన్నదానికీ ఆయన మంచి దారే పట్టాడు. 12.1 అంగుళాల వ్యాసమున్న గోళాన్ని గది మధ్యలో నిలబెట్టి, అది పట్టే ఆవేశమే కొలబద్ద అన్నాడు. ఒక పలక ఇన్ని 'అంగుళాల విద్యుత్తు' పడుతుందంటే, అంత వ్యాసమున్న గోళంతో సమానమని అర్థం. వినడానికి వింతగా ఉన్నా ఇది తప్పు లెక్క కాదు, గోళం కెపాసిటీ దాని సైజును బట్టే ఉంటుంది. ఈనాటి లెక్కలో ఆ గోళం 17 పికోఫారాడ్లు, అంటే ఇప్పుడు రేడియో సర్క్యూట్‌లో కందిబద్దంత ఉండే కెపాసిటర్ విలువ. అంత చిన్నదాన్ని బెండు బంతులతో పట్టుకున్నాడు.

అప్పుడు తేలిన విషయం ఆయన్నే ఇబ్బంది పెట్టింది. పలక మందం, రేకు వైశాల్యం తెలిస్తే ఎంత పట్టాలో సిద్ధాంతం చెబుతుంది. గాజు పలకలు దానికి దాదాపు 8 రెట్లు పట్టాయి. రేకు అంచు దాటి ఆవేశం గాజు ఉపరితలం మీద కొంచెం పాకుతుందని ఆయనకు తెలుసు, అది కూడా తీసేసి చూశాడు. అయినా 8 రెట్లే. మైనంతో, లక్కతో చేసిన పలకలకు ఇంకో అంకె వచ్చింది, 4 దరిదాపుల్లో. అంటే మందం ఒకటే అయినా పదార్థం మారితే పట్టే ఆవేశం మారుతోంది. గాజు లోపల కొంత లోతు వరకు విద్యుత్తు చొరబడుతోందేమో, అందుకే నిజంగా అడ్డుగా నిలిచే మందం తక్కువేమో అని ఒక వివరణ అనుకున్నాడు. వివరణ సంగతి ఎలా ఉన్నా కొలత మాత్రం గట్టిది. దాన్ని కాగితాల్లో పెట్టి పక్కన పడేశాడు. అచ్చు వేయించలేదు. ఆ కాగితాలు వెలుగు చూడ్డానికి వందేళ్లు పట్టింది. కేంబ్రిడ్జ్‌లో మాక్స్‌వెల్ వాటిని తవ్వితీసి, కొన్ని ప్రయోగాలు మళ్లీ చేయించి, 1879లో పుస్తకంగా తెచ్చాడు. అదే ఏడాది ఆయనా పోయాడు. తన సొంత పరిశోధనలకు కావాల్సిన ఆఖరి ఏళ్లను మాక్స్‌వెల్ వేరొకరి పాత నోట్సుకు ధారపోశాడని బాధపడేవాళ్లు ఉన్నారు. ఆ నోట్సులో ఉన్నదేమిటో చూస్తే అంత బాధపడాల్సిన పనిలేదు అనిపిస్తుంది.

కావెండిష్ మౌనం వల్ల అదే విషయాన్ని ఫారడే మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చింది, 1837లో. ఫారడేకు కావెండిష్ కొలతల సంగతి తెలియదు. ఆయన దారి కూడా వేరు. అప్పటికి పెద్దవాళ్లంతా నమ్మేది ఏమిటంటే, ఒక ఆవేశం దూరంగా ఉన్న ఇంకో ఆవేశం మీద నేరుగా, మధ్యలో ఏమున్నా సంబంధం లేకుండా, బలం చూపిస్తుందని. ఫారడేకు ఇది నచ్చలేదు. మధ్యలో ఉన్న పదార్థం ద్వారానే, దాని రేణువు నుంచి రేణువుకు ఆ ప్రభావం అందుతుందని ఆయన పట్టుదల. అదే నిజమైతే మధ్యలో పదార్థం మార్చినప్పుడు తేడా రావాలి. వస్తుందా?

దీనికోసం ఒకేలాంటివి రెండు పరికరాలు చేయించాడు. ఒక్కో దానిలో ఇత్తడి గోళం లోపల ఇంకో ఇత్తడి బంతి, లక్క కాడ మీద నిలబడి ఉంటుంది. లోపలి బంతి వ్యాసం 2.33 అంగుళాలు, బయటి గోళం లోపలి వ్యాసం 3.57, అంటే చుట్టూ 0.62 అంగుళాల సందు. రెండింటిలోనూ గాలే ఉంటే, ఒకదానికి ఆవేశం ఇచ్చి రెండో దానికి తాకిస్తే సగం సగం పంచుకోవాలి. ముందు ఇదే సరిచూసుకున్నాడు, పంపకం సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత ఒకదాని కింది సగంలో లక్కతో చేసిన గిన్నె లాంటిది అమర్చాడు.

పంపకం ఎలా మారుతుందో చేతి లెక్కతో చూడొచ్చు. గాలి ఉన్న పరికరంలో కొలత 300 డిగ్రీలు వచ్చిందనుకుందాం. (ఇక్కడ డిగ్రీ అంటే కూలుంబ్ త్రాసు తీగకు పడే మెలిక.) దాన్ని లక్క ఉన్న, ఇంకా ఆవేశం ఇవ్వని పరికరానికి తాకిస్తే రెండూ 150 దగ్గర ఆగాలి కదా, 120 దగ్గర ఆగాయనుకోండి. మొదటిది పోగొట్టుకున్నది 180, రెండోది చూపిస్తున్నది 120. అంటే 180 వంతుల ఆవేశం మింగి కూడా అది 120కి వచ్చినట్టే ముల్లు చూపిస్తోంది. 180ని 120తో భాగిస్తే 1.5. ఫారడేకు లక్కతో వచ్చిన సగటు కూడా 1.5 దగ్గరే. సందులో సగమే లక్క, మిగతా సగం గాలి కాబట్టి, పూర్తిగా లక్కే ఉంటే 2 అవుతుందని లెక్కగట్టాడు. ఇదే తీరులో ఫ్లింట్ గాజుకు 1.76, గంధకానికి 2.24.

ఈ అంకెలు ఇప్పటి వాటితో చూస్తే తక్కువే. గంధకానికి ఈరోజు చెప్పే విలువ 3.5 పైమాటే, గాజుకు రకాన్ని బట్టి 5 నుంచి 10. గిన్నె ఇత్తడికి పూర్తిగా అతుక్కోకుండా మిగిలిన గాలి సందు దీనికి ఒక కారణం. నిజానికి గాజు విషయంలో 65 ఏళ్ల ముందటి కావెండిష్ అంకె ఫారడే అంకె కన్నా నిజానికి దగ్గరగా ఉంది. కొలవడంలో కావెండిష్‌దే పైచేయి అని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ అంకె దేని గురించి చెబుతోందో తెలిసి కొలిచింది ఫారడే. కావెండిష్ గాజు ఎందుకిలా ఎక్కువ పడుతోందని తలపట్టుకున్నాడు, ఫారడే మాత్రం ఎక్కువ పట్టాలి, పట్టకపోతే నా లెక్కే తప్పు అని పందెం కాసినట్టు కొలిచాడు.

ఇలాంటి పదార్థాన్ని పిలవడానికి ఫారడే డైఎలక్ట్రిక్ అనే కొత్త మాట తెచ్చాడు, హ్యూవెల్ అనే పండితుడి సలహాతో. దేని గుండా విద్యుత్ ప్రభావం దాటి వెళ్తుందో అది అని అర్థం. మన పాఠ్యపుస్తకాలు దాన్ని రోధకం అన్నాయి, అంటే అడ్డుకునేది. ఫారడే చెప్పదలుచుకున్నదానికి ఇది సరిగ్గా ఎదురు. కరెంటు సంగతి చూస్తే అడ్డుకునేదే, కానీ ఫారడే కళ్లలో అది అడ్డు కాదు, దారి. మాట పాతుకుపోయింది కాబట్టి ఇప్పుడు మార్చలేం గానీ, ఫారడే కొలిచిన ఆ అంకెనే, అంటే గాలి కన్నా ఎన్ని రెట్లు ఆవేశం పడుతుందనేదాన్నే, ఇంటర్‌లో 'రోధక స్థిరాంకం' అని బట్టీ పట్టే పిల్లలకు అది అడ్డుకునే బలానికి కొలత అనే భ్రమ కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఫారడే ప్రయోగంలో ఇంకో చికాకు ఎదురైంది. లక్క, గంధకం ఉన్న పరికరాన్ని పూర్తిగా డిశ్చార్జ్ చేశాక కూడా కాసేపటికి మళ్లీ కొంచెం ఆవేశం తేలేది. ఇది కొత్తేమీ కాదు, లీడెన్ జాడీ, అంటే లోపలా బయటా లోహపు పొర ఉండి ఆవేశం దాచే గాజు జాడీ, వాడినవాళ్లందరికీ అనుభవమే. ఒకసారి మెరుపు వచ్చాక ఖాళీ అయిపోయిందని తాకితే చిన్న షాక్ కొట్టేది. పదార్థం లోపలికి నెమ్మదిగా దిగిన ఆవేశం నెమ్మదిగానే బయటికి వస్తుంది. అందుకే పంపకం చకచకా చేసి కొలత తీసుకోవాల్సి వచ్చేది, ఆలస్యమైతే ఏది నిల్వ, ఏది కారుడు, ఏది లోపలికి దిగింది అనేది కలగాపులగం అయ్యేది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటగానే మిగిలిపోయేదేమో, సముద్రంలో తీగలు వేయాల్సిన అవసరం రాకపోతే. ఆగ్నేయాసియా చెట్ల పాలతో తయారయ్యే గట్టాపర్చా 1840ల్లో యూరప్ చేరింది. వేడి చేస్తే మెత్తబడుతుంది, నీళ్లలో చెడదు, రాగి తీగ మీద తొడగొచ్చు. 1851లో డోవర్ నుంచి కలే దాకా దానితోనే కేబుల్ పడింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. గాలిలో స్తంభాల మీద వెళ్లే తీగలో సిగ్నల్ టక్కున అందేది, నీళ్లలోని కేబుల్‌లో సాగి సాగి వచ్చేది. 1854లో ఫారడే లండన్‌లో గట్టాపర్చా తొడిగిన 100 మైళ్ల తీగను నీళ్లలో ముంచి, బ్యాటరీ తగిలించి తీసేసి చూస్తే, తీసేశాక కూడా తీగ నుంచి షాక్ వచ్చింది. అదే తీగ గాలిలో ఉంటే అలాంటిదేమీ లేదు. లోపల రాగి, బయట నీళ్లు, మధ్యలో గట్టాపర్చా: సముద్రం అడుగున పడుకున్న అతి పొడవాటి లీడెన్ జాడీ అది. 17 ఏళ్ల కిందట అంగుళం లోపు సందులో కొలిచిన గుణమే ఇప్పుడు మైళ్ల పొడవున అడ్డం తిరిగింది.

విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, దీనికి లెక్క కట్టాడు. పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలు. 1858 అట్లాంటిక్ కేబుల్ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశానికి 16 గంటలు పట్టింది. త్వరగా పంపాలనే ఆత్రంతో కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ దాదాపు 2000 వోల్టులు ఎక్కించాడు, ఇన్సులేషన్ అప్పటికే అక్కడక్కడా బలహీనంగా ఉంది, మూడు నాలుగు వారాల్లో కేబుల్ మూగబోయింది. ఆ వెంటనే 1859-60లో ఎర్రసముద్రం మీదుగా కరాచీకి వేసిన కేబుల్ కూడా పనికిరాకుండా పోయింది. ఇంత డబ్బు నీళ్లపాలయ్యాక గానీ ఇన్సులేటర్‌కు అంకె కావాలనే పట్టింపు రాలేదు. ఆ ఎర్రసముద్రం కేబుల్ తయారవుతున్నప్పుడే ఫ్లీమింగ్ జెన్‌కిన్ అనే యువ ఇంజనీర్ గట్టాపర్చా ఎంత కారుస్తుందో పద్ధతిగా కొలిచాడు. 1861లో విద్యుత్ ప్రమాణాల కమిటీ మొదలైంది. బొంబాయికి ఎర్రసముద్రం మీదుగా నమ్మకమైన కేబుల్ 1870కి గానీ అందలేదు.

కారుడు కొలిచే పద్ధతి తేలికే. కేబుల్‌కు ఆవేశం ఇచ్చి బ్యాటరీ తీసేయాలి, ఎలక్ట్రోమీటర్‌లో వోల్టేజి సగానికి పడడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడాలి. ఇందులో ఒక మంచి మెలిక ఉంది. ఇన్సులేటర్ మందం పెంచితే కారుడు తగ్గుతుంది, కానీ పట్టే ఆవేశమూ అదే వంతున తగ్గుతుంది. పొడవు పెంచితే రెండూ పెరుగుతాయి. కాబట్టి సగానికి పడే సమయం కేబుల్ ఆకారం మీద, సైజు మీద ఆధారపడదు, పదార్థం మీదే ఆధారపడుతుంది. రోధక స్థిరాంకం 4, నిరోధకత 10 మిలియన్ మిలియన్ ఓమ్-మీటర్లు ఉన్న సరుకైతే, అది అరచేతిలో పట్టే ముక్కైనా, మైళ్ల కేబుల్ అయినా, సుమారు 4 నిమిషాల్లో సగానికి వస్తుంది. చిక్కల్లా వేడితోనే. గట్టాపర్చా వేడెక్కితే కారుడు బాగా పెరుగుతుంది, అందుకే ఫ్యాక్టరీలో కేబుల్‌ను 24 డిగ్రీల సెల్సియస్ నీళ్ల తొట్టిలో ముంచి పరీక్షించడం రివాజయింది. కొలత ఎప్పుడు తీయాలి అన్నదీ అప్పుడే స్థిరపడింది: కరెంటు పెట్టిన ఒక్క నిమిషం తర్వాత.

ఇంకోపక్క మాక్స్‌వెల్ ఈ స్థిరాంకాన్ని తీసుకెళ్లి ఎవరూ ఊహించని చోట ముడిపెట్టాడు. వెలుతురు విద్యుదయస్కాంత తరంగమే అయితే, ఒక పదార్థంలో కాంతి వంగే తీరును చెప్పే వక్రీభవన గుణకాన్ని వర్గం చేస్తే దాని రోధక స్థిరాంకం రావాలి. లోహపు రేకుల మధ్య మైనం పెట్టి కొలిచిన అంకె, అద్దాల పట్టకంతో చూసిన అంకె కలవాలన్నమాట. గ్లాస్గోలో 1871లో పారాఫిన్ మైనానికి వచ్చిన విలువ 1.98కి కాస్త తక్కువ, దాని వర్గమూలం 1.405. కాంతితో చూస్తే 1.422. మాక్స్‌వెల్ దీన్ని గొప్పగా చెప్పుకోలేదు, దగ్గరగా ఉంది, ఇంకా కొలవాలి అన్న ధోరణే. గాజు అయితే అసలు కుదరలేదు. కుదిరింది వాయువుల్లో. బోల్ట్స్‌మన్ 1870ల్లో గాలికి 1.00059, కార్బన్ డయాక్సైడ్‌కు 1.00095, హైడ్రోజన్‌కు 1.00026 తెచ్చాడు. గాలి వక్రీభవన గుణకం 1.00029, వర్గం చేస్తే 1.00058 పైచిలుకు. ఫారడే వాయువులన్నీ ఒకటే అని వదిలేసిన చోట ఉన్న తేడా ఇది, పదివేలలో ఏడు వంతుల లోపే. నీళ్లు మాత్రం మొండికేశాయి. కాంతి లెక్క ప్రకారం 1.8 కూడా రాకూడదు, 1880ల్లో కొలిస్తే 80 దరిదాపుల్లో వచ్చింది. నీటి అణువులు ఒక్కొక్కటీ చిన్న ధన-రుణ జంటలని, నిదానమైన విద్యుత్ క్షేత్రానికి తిరుగుతాయి గానీ కాంతి వేగంగా ఊపే ఊపుకి తిరగలేవని తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం, పీటర్ డెబై అనే శాస్త్రవేత్త రావాల్సి వచ్చింది.

మెగ్గర్ ముల్లు నిమిషం పాటు ఎందుకు పాకుతుందో ఇప్పుడు చెప్పొచ్చు. హ్యాండిల్ తిప్పగానే వైండింగ్, బాడీ కలిసి కెపాసిటర్‌లా నిండుతాయి, అది లిప్తపాటు పని. ఆ తర్వాత వార్నిష్‌లోకి, స్లాట్ పేపర్‌లోకి ఆవేశం నెమ్మదిగా దిగుతుంది, లీడెన్ జాడీవాళ్లను విసిగించింది ఇదే. అది తగ్గుతున్న కొద్దీ ముల్లు పైకి జరుగుతుంది. చివరికి మిగిలేది నిజమైన కారుడు. ఇన్సులేషన్‌లో తేమ ఉంటే ఆ కారుడే అన్నిటినీ మింగేస్తుంది, ముల్లు పైకి పాకకుండా కిందే ఉండిపోతుంది. అలాంటప్పుడు మెకానిక్ ఏమీ మాట్లాడకుండా క్లిప్పులు తీసేసి, మోటారు లోపల 200 వాట్ల బల్బు వేలాడదీసి, రేపు రమ్మంటాడు.